కర్త లేని వాక్యం

జనవరి 11

కోడలమ్మకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టను. కుశలాలన్నీ ప్రతి ఆదివారం మీ అత్తగారు ఫోన్లో లాగేస్తుంది, నాకు మిగిలేది యుద్ధమే. ఫోన్లో నాకు సగం మాటలు వినపడవు, వినపడిన సగాన్నీ ఆవిడ మళ్లీ వివరిస్తుంది. అందుకని మన పాత ఒప్పందమే ఒప్పందం: ఉత్తరాల్లో ఇంటి కబుర్లు రాయకూడదు. పుస్తకమూ, దానిమీద మన పోట్లాటా, అంతే.

నీలి అట్ట పుస్తకం చేరింది. నీ దగ్గరొకటి, నా దగ్గరొకటి. వారానికి రెండు అధ్యాయాలు, ముందుకు దూకడాలు లేవు. కిందటిసారి ఆ కంచరగాడిదల నవలలో నువ్వు చివరి పేజీ ముందే చదివేసి, గాడిదలు తోలే సిపాయి బతుకుతాడని నోరు జారావు. ఆ కోపం నాకింకా పూర్తిగా పోలేదు.

నాలుగు అధ్యాయాలు అయ్యాయి, ముట్టడి మొదలైంది. కొండమీద కోట, లోపల ఆరువందల మంది, వాళ్లకు పెద్ద ఆ ముసలి కోటనాయకుడు, చుట్టూ శత్రువుల గుడారాలు. రచయిత బాగానే రాశాడు గానీ నలభై మూడో పేజీలో పటం చూశావా? నదిని కోటకు పడమట గీశాడు. పక్క పేజీలోనేమో సూర్యుడు ఆ నది మీదే ఉదయిస్తాడు. ముప్పై ఐదేళ్లు సర్వే గొలుసు లాగినవాణ్ణి, నా దగ్గరా ఈ పప్పులుడికేది? ట్రేసింగు కాగితం మీద సరైన పటం గీసి ఇందులో పెడుతున్నాను. నీ పుస్తకంలో ఆ పేజీ మీద అంటించుకో.

మీ అత్తగారు దాన్ని చూసి, మూడొందల ఏళ్ల కింద పోయినవాళ్లకు ఇప్పుడు దారి చూపిస్తున్నారా అంది. కోటనాయకుడికి 'కోటాయన' అని పేరు కూడా పెట్టింది. పొద్దున్న కాఫీ ఇస్తూ, మీ కోటాయన ఇంకా ఉన్నాడా అని అడుగుతుంది. పుస్తకం ముట్టుకోదు గానీ కోటాయన్ని వదలదు.

మావాడు లిఫ్టులు బిగిస్తూ ఇంకా ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాడా అని అడగబోయి ఆగాను. ఒప్పందం ఒప్పందమే.

ఐదూ ఆరూ చదివి రాయి.

మీ మామ

(పటంలో బాణం పైకి ఉండాలి. కిందటిసారి తలకిందులుగా అంటించావు.)

---

జనవరి 20

మామగారికి,

పటం ఈసారి సరిగ్గానే అంటించాను. బాణం పైకే ఉంది, మీ మీద ఒట్టు.

నేను చదివేది మధ్యాహ్నం భోజనం గంటలో. మా పనిగదిలో కిటికీ పక్క బల్ల నాది. బల్లనిండా ప్లాస్టర్ దవడలు, మైనం ముద్దలు, సగం కట్టిన పళ్ల సెట్లు. వాటిని అటు జరిపి, కోటను ఇటు పెట్టుకుంటాను. కట్టుడు పళ్లకు పాలిష్ పట్టే ఆవిడ నా పుస్తకం అట్ట చూసి, ఏ ప్రేమ నవలో చదువుకోక ఈ నరుక్కోవడాలేంటమ్మా అంది. ప్రేమ నవలలో ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో నాకు అంతుపట్టదండీ, ఇక్కడైతే కనీసం ఎవరు ఎటునుంచి వస్తున్నారో తెలుస్తుంది అన్నాను. ఆవిడ నవ్వి తన యంత్రం వేసుకుంది, ఆ మోతలో ఐదో అధ్యాయం చదివాను. ఫిరంగులు మోగినట్టే ఉంది.

ఈ పిచ్చి నాకు అంటించింది మీరే, గుర్తుందా? పెళ్లయిన రెండో వారం. మీరు గదిలో నేలమీద అగ్గిపుల్లలు పరుచుకుని కూర్చున్నారు. నేను కాఫీ పట్టుకుని లోపలికి వస్తుంటే, తలెత్తకుండా "ఆ గుర్రాల మీద అడుగు వెయ్యకు" అన్నారు. కిందికి చూస్తే నా కాలి దగ్గర ఏడు అగ్గిపుల్లలు. ఆ ఇంట్లో నాతో మొదట తీరుబడిగా మాట్లాడింది మీరే, అదీ గుర్రాల గురించి. నాలుగేళ్లయింది.

ఆరో అధ్యాయంలో ఒకటి నాకు అర్థం కాలేదు. శత్రువు ఏమీ చెయ్యడు. రాయి కూడా విసరడు. పొద్దున్న లేచి చూస్తే గుడారాలు అక్కడే ఉంటాయి, సాయంత్రం చూసినా అక్కడే ఉంటాయి. రాజు దగ్గర్నుంచి ఒక్క కబురు రాదు. దెబ్బ తగిలితే నలుగురికీ చూపించుకోవచ్చు. ఏమీ జరగకపోవడాన్ని కోటాయన ఎవరికి చూపిస్తాడు? దీన్ని కూడా యుద్ధమనే అనాలా మామగారూ?

అత్తయ్యకు చెప్పండి, కోటాయన ఉన్నాడు.

మీ కోడలు

---

ఫిబ్రవరి 2

కోడలమ్మకు,

భలే ప్రశ్న వేశావు. నీకు సేనాపతి బుర్ర ఉంది, పళ్లు కట్టుకుంటూ కూర్చున్నావు గానీ.

దీన్నే అసలైన యుద్ధమంటారు. కత్తులు దూసుకోవడం ఒక పూట పని. ఎవరు గెలిచారో సాయంత్రానికి తేలిపోతుంది, మిగిలినవాళ్లు ఇళ్లకు పోతారు. ముట్టడి అలా కాదు. అక్కడ ఆయుధం నిశ్శబ్దమే. నేను చదివిన ముట్టడులన్నిట్లోనూ గోడలు పడేలోపే లోపలి మనుషులు పడిపోయారు. ఒకడు గోడతో మాట్లాడడం మొదలెడతాడు, ఇంకొకడు మాట్లాడడమే మానేస్తాడు. దీనిమీద నా దగ్గర మూడు పుస్తకాలున్నాయి, అందులో ఒకదాంట్లో ఈ సంగతే ఎనభై పేజీలుంది. కావాలంటే పంపుతాను. అందులోనూ పటాలు తప్పులే.

ఎనిమిదో అధ్యాయంలో బావి తవ్విన చోటు చూశావా? అక్కడ నీళ్లు పడవు. ఆ రాతి వాలు చూస్తేనే తెలుస్తుంది. మళ్లీ ఒక పటం పెడుతున్నాను.

ఫోన్లో నీ గొంతు బాగోలేదని మీ అత్తగారు రెండు వారాలుగా అంటోంది. జలుబైతే ఆవిరి పట్టు. ఇది ఇంటి కబురు కాదు, సైన్యం ఆరోగ్యం, అందుకని రాశాను.

మీ మామ

---

ఫిబ్రవరి 17

మామగారికి,

జలుబు లేదు. సైన్యం తిరుగుతూనే ఉంది.

పన్నెండో అధ్యాయం మూడుసార్లు చదివాను. కోటాయన గోడమీద నిలబడి, తలుపు తియ్యాలా వద్దా అని రోజంతా ఆలోచించే అధ్యాయం. రాజు ఆయన్ని కొట్టలేదు, తిట్టలేదు. మరిచిపోయాడు, అంతే. రాజు చెడ్డవాడేం కాదు, వేరే పనుల్లో ఉన్నాడు. అలాంటప్పుడు కోట వదిలేసి బయటికి వస్తే చూసేవాళ్లు ఏమంటారు? నీకు ఏం కష్టం వచ్చిందని వచ్చేశావు అని అడిగితే ఆయన దగ్గర జవాబేముంది? ఏమీ జరగలేదు కాబట్టి వచ్చేశానని చెప్పుకోగలడా?

పదమూడు తెరవలేదు, నిజం. మీరూ తెరవకుండా చెప్పండి. రచయిత ఏం రాశాడో నాకు అక్కర్లేదు. మీరైతే ఏమంటారు? వెళ్లిపోతే పిరికితనమంటారా? ఆలోచించే చెప్పండి మామగారూ. మీ మాట కోసం చూస్తుంటాను. మీ జవాబు వచ్చేదాకా నేను ముందుకు చదవను.

ఈ వారం పని ఎక్కువగా ఉంది. ఒక పెద్దాయన తన పళ్ల సెట్టు మూడోసారి తిప్పి పంపాడు. నవ్వితే ఊడిపోతోందట. నవ్వడం తగ్గించుకోమని డాక్టరుగారు అన్నారు గానీ నాకు మనసొప్పక మళ్లీ అచ్చు తీస్తున్నాను.

మీ కోడలు

---

ఫిబ్రవరి 24

కోడలమ్మకు,

ఈ ఇంట్లో నా అభిప్రాయం అడిగిన మనిషివి ఇరవై ఏళ్లలో నువ్వొక్కదానివే. అందుకని కళ్లజోడు తుడుచుకుని, బల్ల దగ్గర తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. పదమూడో అధ్యాయం తెరవలేదు.

నా మాట ఇది. గింజలు అయిపోయాక కోట పట్టుకుని వేలాడడం శౌర్యం కాదు, మొండితనం. వెళ్లిపోవాల్సిందే. ఇందులో తప్పు లేదు, సిగ్గు లేదు. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. తలుపు బార్లా తీసి, పట్టపగలు, తలెత్తుకుని వెళ్లిపోవాలి. ఏం కష్టమొచ్చిందని అడిగేవాళ్లుంటే, ఆ కోటలో ఒక్క చలికాలం ఉండి చూసి అప్పుడు అడగమనాలి. తప్పంతా మరిచిపోయిన రాజుది. చెడ్డవాడు కాకపోవడం ఒక పెద్ద గొప్పా? మనుషుల్ని పెట్టుకున్నవాడు వాళ్లు ఉన్నారో పోయారో చూసుకోవద్దూ?

రాస్తూ రాస్తూ ఆ రాజు మీద నాకు నిజంగానే కోపం వచ్చేసింది. మీ అత్తగారు తొంగి చూసి, ఎవరి మీద అంత గట్టిగా నొక్కుతున్నారు, కలం విరుగుతుంది అంది.

నా అగ్గిపెట్టెలు దాచేసింది. పొయ్యి వెలిగించడానికి ఉండడం లేదట. ఈ వారం గుర్రపుదళం లేకుండానే నెట్టుకొస్తున్నాను.

మీ మామ

---

మార్చి 8

మామగారికి,

కవరు మీద చిరునామా మారింది, చూసే ఉంటారు.

మీరు చెప్పినట్టే చేశాను. తలుపు బార్లా తీసి, పట్టపగలు, గురువారం పదకొండింటికి. రెండు సంచులు, ఒక పెట్టె. కింద అపార్ట్‌మెంట్ కాపలా ఆయన పెట్టె పట్టుకుని ఆటో దాకా వచ్చాడు. ఊరెళ్తున్నావా అమ్మా అన్నాడు. లేదండీ, వెళ్లిపోతున్నాను అన్నాను. నోటితో మొదటిసారి అన్నది ఆయనతోనే.

మీ అబ్బాయి పనిమీద వేరే ఊళ్లో ఉన్నారు. ఉన్నప్పుడే చెబుదామని ఆరుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ "ఊఁ" అన్నారు, నేను ఏం చెప్తున్నానో వినకుండానే. అందుకని బల్లమీద ఉత్తరం పెట్టి వచ్చాను.

ఇప్పుడుండేది ఒక సైకిళ్ల రిపేరు షాపు మీద గది. ఒక కిటికీ, ఒక కుళాయి. పనికి తొమ్మిది నిమిషాల నడక. పొద్దున్నే కింద ఎవరో ఒకరు బెల్లు మోగించి చూస్తుంటారు. ఆ చప్పుడు నాకు బాగుంది.

మామగారూ, నేను సూటిగా అడగలేకపోయాను. కోటాయన్ని అడ్డం పెట్టుకుని అడిగాను. మీకు అర్థమైంది, మీరూ ఆయన్నే అడ్డం పెట్టుకుని చెప్పారు. 'వెళ్లిపోవాల్సిందే' అని రాశారు, ఎవరు అని రాయలేదు. రాయకపోవడం మీ మర్యాద అనుకున్నాను. సొంత కొడుకని కూడా చూడకుండా తప్పెవరిదో చెప్పారు. ఆ ఉత్తరమే లేకపోతే నాకు ఆ గుమ్మం దాటే ధైర్యం వచ్చేది కాదు. సంచిలో అన్నిటికన్నా పైన పెట్టుకున్నది దాన్నే.

అత్తయ్యకు నేను ఫోన్ చెయ్యలేను. మీరే నెమ్మదిగా చెప్పండి.

మీ కోడలు

---

మార్చి 15

అమ్మాయికి,

నేను రాసింది కోటాయన గురించి.

మళ్లీ రాస్తున్నాను. నేను రాసింది కోటాయన గురించి. పుస్తకం గురించి. మూడువందల ఏళ్ల కిందటి ఒక ముసలాయన గురించి. నా కొడుకు కాపురం గురించి నేను తీర్పు చెప్పేవాణ్ణయితే ఇంత లావు పుస్తకం అడ్డం పెట్టుకుంటానా? మన మధ్య ఒప్పందం ఉంది కదా. ఇంటి సంగతులు రాయకూడదని నేను ఒకటికి నాలుగుసార్లు అన్నాను కదా. నాకేం తెలుసమ్మా, నువ్వు గుడారాలంటే ఏమిటో, రాజంటే ఎవరో?

నీ ఉత్తరం వచ్చేలోపే వాడు వచ్చాడు. నువ్వు బల్లమీద పెట్టిన కాగితం చేత్తో పట్టుకుని వచ్చాడు. అందులో చివర "మామగారు కూడా ఇదే సరైనదన్నారు" అని రాశావు. వాడు ఆ వాక్యం మీద వేలు పెట్టి నాకు చూపించాడు. మీ అత్తగారు కాగితం తీసుకుని చదివి నా వంక చూసింది. ముప్పై ఎనిమిదేళ్ల సంసారంలో ఆవిడ నన్నలా చూడడం అదే మొదలు.

సర్వే ఆఫీసు అలవాటు, ప్రతి ఉత్తరానికీ కార్బన్ నకలు ఉంచుకుంటాను. తీసి చూపించాను. చూడండి, ఇది కోట గురించే, ఇదిగో గింజలు, ఇదిగో రాజు అన్నాను. తల్లీ కొడుకులిద్దరూ చదివారు. చదివిన కొద్దీ నాకే అది వేరేలా కనిపించింది. నన్ను సొంత కొడుక్కి శత్రువుని చేశావు. అదీ నాకు తెలియకుండా.

కాఫీ ఇస్తోంది గానీ మీ అత్తగారు కోటాయన గురించి అడగడం లేదు.

ఇంకేం రాయాలో తెలియడం లేదు.

---

మార్చి 22

గారికి,

ముందు ఏం చేర్చాలో తెలియక అలా వదిలేశాను. మాజీ మామగారికి అని రాసి చూశాను, మాజీ మంత్రిగారికి అర్జీ పెట్టుకున్నట్టుంది. కొట్టేశాను.

తప్పు నాదే. మీరు కోటాయన గురించే రాశారు. నేను వినాలనుకున్నది విన్నాను. ఆ వాక్యంలో కర్త లేకపోతే నన్ను నేను అక్కడ కూర్చోబెట్టుకున్నాను. ఈ ఉత్తరం అత్తయ్యకూ, మీ అబ్బాయికీ చూపించండి. మీకు ఏమీ తెలియదు, మీరు ఏ సలహా ఇవ్వలేదు, అని నేనే రాసి ఇస్తున్నాను. ఇకమీదట ఎవరు అడిగినా మీ పేరు ఎత్తను.

ఎందుకు వచ్చేశానో మాత్రం ఒక్కసారి సూటిగా చెప్పనివ్వండి, పుస్తకం అడ్డం లేకుండా. డిసెంబరులో నేను ముందుగది మొత్తం మార్చాను. సోఫా ఆ గోడ నుంచి ఈ గోడకు, బల్ల కిటికీ దగ్గరకు, దీపం మూలకు. ఒక్కదాన్నే లాగాను, నడుం పట్టేసింది. ఆయన వచ్చారు, సోఫాలో కూర్చున్నారు, బూట్లు విప్పారు. తొమ్మిది రోజులు చూశాను. ఒక్క మాట అనలేదు. పదోరోజు నేనే అన్నీ మళ్లీ పాత చోట పెట్టేశాను. దానికీ ఏమీ అనలేదు. ఆయన నన్ను ఏనాడూ ఒక్క పరుషమైన మాట అనలేదు. అది చెప్పి నేను ఎవరి దగ్గర ఏడవగలను?

ఆ నాలుగేళ్లలో నేను అడిగిన ప్రతిదానికీ జవాబు వచ్చింది మీ దగ్గర్నుంచే. నదుల గురించీ బావుల గురించీ అయితేనేం. రెండు మూడు వారాలకొకసారి కవరు వచ్చేది. ఆ ఇల్లు వదలడం అంత కష్టం కాలేదు. ఈ కవర్లు ఆగిపోతాయేమో అన్నదే కష్టంగా ఉంది.

మీరు గీసి పంపిన పటాలు పదకొండూ పుస్తకాల్లోంచి ఊడదీసి ఇందులో పెడుతున్నాను. అవి కోడలికి పంపినవి. నేను ఉంచుకోవడం న్యాయం కాదు.

---

ఏప్రిల్ 30

కోడలమ్మకు,

అవును, అలాగే రాస్తున్నాను. కారణం కిందికి వెళ్తే తెలుస్తుంది, ముందుకు దూకకు.

ఐదు వారాలు పట్టింది ఈ ఉత్తరానికి. మొదటి రెండు వారాలు కోపంతో రాయలేదు. తరువాతి మూడు వారాలు సిగ్గుతో.

నీ కవరు విప్పింది మీ అత్తగారు. పటాలు పదకొండూ మంచం మీద పరిచి, నీ ఉత్తరం మా ఇద్దరి ముందూ పైకి చదివింది. సోఫా సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. మావాడు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కడినుంచే అన్నాడు: "నేను చూశాను నాన్నా. ఆ రోజే చూశాను. బాగుంది అనుకున్నాను. పైకి అన్నాననే అనుకున్నాను."

ఇది నిన్ను మెత్తబరచడానికి రాయడం లేదు. వాడు రమ్మని రాయమనలేదు, నేనూ అడగను. తొమ్మిది రోజులు తొమ్మిది రోజులే. కానీ ఆ మాట విన్నాక నేను వాణ్ణి పార్కుకు తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టి, నీకు మాట్లాడడం ఎందుకు రాదురా అని అడిగాను. ముప్పై నాలుగేళ్ల కొడుకుని మొదటిసారి అడిగాను. వాడు చెప్పులతో నేల గీకుతూ చెప్పాడు: "మీరు చదువుకుంటుంటే వచ్చి నిలబడేవాణ్ణి. ఈ అధ్యాయం అయ్యాక అనేవారు. అయ్యేదాకా నిలబడేవాణ్ణి. అయ్యేసరికి ఏం చెప్దామనుకున్నానో మరిచిపోయేవాణ్ణి. తర్వాత్తర్వాత రావడం మానేశాను."

నా జీవితంలో నేను తాగలేదు, పేకాడలేదు. పుస్తకాలు చదివాను. దానివల్ల ఎవరికీ నష్టం లేదనుకున్నాను. నాకు ఎంత సంతోషంగా ఉండేదో ఆ చదువు, చెప్తే నీకొక్కదానికే అర్థమవుతుంది. వాడు నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. నేను ఎక్కడో కొండమీద ఎవరి గుర్రాలో లెక్కపెడుతున్నాను. మరిచిపోయిన రాజు అని అంత గట్టిగా కలం నొక్కి రాశానే, ఆ రాజు ఎవరో నాకు బెంచీ మీద తెలిసింది. ఇప్పుడు వాడు శెలవు దొరికినప్పుడల్లా వస్తున్నాడు. ఇద్దరం పార్కు చుట్టూ నడుస్తాం. ఎక్కువ మాట్లాడుకోం, కానీ వాడు మొదలుపెడితే నేను ఆగి వింటాను.

ఇక అసలు సంగతి. ఇంటికి వచ్చి పన్నెండో అధ్యాయం మళ్లీ చదివాను. ఆ ఉత్తరం రాసిన రోజు తరువాత ఆ పుస్తకం ముట్టుకోలేదు. రెండువందల ఆరో పేజీ, నీ దగ్గరా ఉంది, తెరిచి చూడు. గాదెల్లో గింజలు ఇంకా ఏడు నెలలకు సరిపడా ఉన్నాయని రాసి ఉంది. ఏడు నెలలు! కోటాయనకు తిండికి లోటే లేదు. ఊళ్లోవాళ్ల పటాలన్నిట్లో తప్పులు పట్టే నేను, 'గింజలు అయిపోయాక' అని రాశాను. ఏ గింజలు? ఏ కోటలో? ఆ పుస్తకంలో కాదు.

కోటాయన మీద నువ్వు రాసిన ఉత్తరాలు రెండూ తీసి వరసగా చదివాను. నీ గొంతు బాగోలేదని మీ అత్తగారు చెప్పిన మాట కూడా గుర్తొచ్చింది. నాకు తెలుసమ్మా. తెలుసని ఒప్పుకోవడం ఇష్టంలేక కోట మీద పెట్టి రాశాను. నువ్వు ఎలా అడిగావో నేనూ అలాగే చెప్పాను. నువ్వు తప్పు చదవలేదు. నిలదీసేసరికి కోటాయన వెనక్కి పోయి దాక్కున్నది నేను.

ఈ సంగతి మీ అత్తగారికి చెప్పాను. అదేం వింత అన్నట్టు, "నాకు ఆ కాగితం చదివిన రోజే తెలుసు" అంది. ఆవిడ కోపం నేను చేసినదానికి కాదట, చేసి కాదన్నందుకట.

పిలుపు సంగతి కూడా ఆవిడే తేల్చింది. నేను నాలుగు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను, కోడలు కాకపోతే నువ్వు నాకు ఏమవుతావు, నేను నీకు ఏమవుతాను అని. ఆవిడ బట్టలు మడతపెడుతూ అంది: "మామంటే మొగుడి తండ్రే ఏమిటి? తల్లి తమ్ముణ్ణి కూడా మామనే అంటారుగా. అత్తంటే ఆయన పెళ్లాం. ముందు 'మేన' అనుకుంటే సరిపోయే. నోటికి అలవాటైన పిలుపు ఎందుకు మార్చుకోవడం?" చూశావా, సేనాపతి బుర్ర ఎవరికుందో? మూడువందల పుస్తకాలు చదివిన నాకు తట్టలేదు. అయితే వాడు నీకు మేనబావ అవుతాడు, మళ్లీ మొదటికొచ్చినట్టేగా అన్నాను. ఆవిడ నవ్వాపుకోలేక, "ఆ ఒక్క వరసా మీ పటంలోంచి తీసెయ్యండి" అంది. మార్చి తరువాత ఆవిడ నవ్వడం అదే మొదలు.

పటాలు పదకొండూ తిప్పి పంపుతున్నాను. మేనకోడలివి. పదమూడో అధ్యాయం నేను తెరవలేదు. నువ్వు జవాబు రాస్తే ఇద్దరం ఒకేసారి తెరుద్దాం. ఒప్పందం మాత్రం రద్దు. ఇకమీదట ముందు ఇంటి కబుర్లు, మిగిలిన చోట యుద్ధం. కుళాయిలో నీళ్లు ఎన్నింటికి వస్తాయి, గదికి గాలి వస్తుందా, ఆ పెద్దాయన పళ్లు నవ్వితే నిలుస్తున్నాయా, అన్నీ రాయి.

చివరగా ఆ వాక్యం. ఫిబ్రవరి 24న దాన్ని సరిగా రాయలేదు. ఇప్పుడు కర్త పెట్టి రాస్తున్నాను. నకలు నా దగ్గర ఉంటుంది, అసలు నువ్వు దాచుకో.

నువ్వు వెళ్లిపోవాల్సిందే. నువ్వు చేసిన పనిలో తప్పు లేదు, సిగ్గు లేదు. ఈ మాట అన్నది నేను. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు.

మామ